మూల మీద ముద్ర

పోస్టాఫీసులో నేను మొదట నేర్చుకున్న పని కొట్టడం. 1972లో చేరాను. ఇరవై ఒక్కేళ్ళవాణ్ణి. డిగ్రీ చదివాను కాబట్టి కౌంటర్లో కూర్చోబెడతారనుకున్నాను. తీసుకెళ్ళి వెనక గదిలో, ముద్రలు కొట్టే బల్ల ముందు నిలబెట్టారు. ఎడంచేతిలో ఉత్తరాల దొంతర, కుడిచేతిలో పిడి. ప్యాడు మీద ఒకటి, కవరు మీద ఒకటి. టప్, ఠక్. టప్, ఠక్. సాయంత్రం డాకు వేళకి ఆ గదిలో నలుగురం కొడుతుంటే పందిరి మేకులు దిగగొడుతున్నట్టుండేది.

నాకు పని నేర్పిన సీనియర్ని అందరూ బాబాయి అనేవాళ్ళం. ఆయన చెప్పింది ఒక్కటే: "బిళ్ళని చంపాలిరా. మళ్ళీ ఎవడూ ఊడదీసి అంటించుకోకూడదు." అంతకు మించిన శాస్త్రం ఆ గదిలో లేదు. గాంధీ అయినా, గేదె అయినా, గోధుమ కంకి అయినా నెత్తిన పడాల్సిందే. రోజూ పొద్దున ముద్రలో తేదీ అచ్చులు మార్చి, మొదటి దెబ్బ ముద్రల పుస్తకంలో వేసి, తేదీ సరిగ్గా ఉందని సంతకం చేయించుకునేవాళ్ళం. తర్వాత ఇక లెక్క లేదు. ముప్ఫై ఏళ్ళ తర్వాత కూడా నా కుడి బొటనవేలి కింద ఆ పిడి కాయ తగ్గలేదు. పెళ్ళిచూపుల్లో మా మామగారు అది చూసి వ్యవసాయం ఉందేమోనని సంబరపడ్డారట.

ఉత్తరాలు కొడుతూ కొడుతూ చిరునామాలు చదవడం అలవాటైంది. మా గుంటూరు జిల్లా పేర్లు నాకు ఆ బల్ల మీదే తెలిశాయి. ఫిరంగిపురం వైపు పోయే సంచిలో రాయప్పలు, చిన్నప్పలు, ఇన్నయ్యలు, శౌరయ్యలు, బాలశౌరులు. శౌరి అంటే కృష్ణుడి పేరనే నేననుకున్నాను. సంచి కట్టే పోస్టుమ్యాన్ క్యాథలిక్కు. ఆయన నవ్వి, "మీ శౌరి వేరు, మా శౌరి వేరు. మా శౌరి జేవియరు" అన్నాడు. రాయప్ప అంటే పీటరు, చిన్నప్ప అంటే పాలు, ఇన్నయ్య అంటే ఇగ్నేషియస్. ఎక్కడో స్పెయిన్లో పుట్టిన పేరు సముద్రం దాటి, తమిళం మీదుగా మన పల్లెకొచ్చి అయ్య, అమ్మ తగిలించుకుని కూర్చుంది. ఇంటిపేరుతో కలిపి కవరు మీద రాస్తే ఎవరూ పరాయివాడనుకోరు.

డిసెంబరు నెల మా ప్రాణం తీసేది. ఊళ్ళో ఇళ్ళ మీద కాగితపు నక్షత్రాలు వెలిగే వేళకి మా గదిలో గ్రీటింగు కార్డులు మోకాలెత్తు పేరుకునేవి. కవరు మూయకుండా, మడత లోపలికి దోపి, బుక్‌పోస్టు కింద పంపితే అప్పట్లో ఖర్చు తక్కువ. కానీ లోపల ఉత్తరం రాయకూడదు, శుభాకాంక్షలు నాలుగు మాటలే ఉండాలి. జనం ఊరుకుంటారా? "హ్యాపీ క్రిస్మస్" కింద చిన్నక్షరాలతో, చెల్లి కానుపు, పొలం కౌలు, అమ్మ మోకాళ్ళ నొప్పులు. పట్టుకుని జరిమానా వెయ్యమని రూలు. మేం చదివి, మడిచి, కొట్టి పంపేవాళ్ళం. చదివినందుకు పాపం ఏదైనా ఉంటే మాదే.

ఇరవై అయిదున ఎలాగూ సెలవు. ఇరవై నాలుగు సాయంత్రం మాత్రం ఆ పోస్టుమ్యాన్ పని నేను చూసుకునేవాణ్ణి. బదులుగా కనుమ నాడు ఆయన నా పని చూసేవాడు. రాతకోతల్లేని ఒప్పందం. ఇరవై ఆరున అరిసెలూ కేకూ ఒకే డబ్బాలో వచ్చేవి. కేకుకి అరిసెల నెయ్యి వాసన పట్టి ఉండేది.

1974 డిసెంబరుకి నన్ను కౌంటరు మీదికి మార్చారు. ఆ నెల 24న ఓ కొత్త బిళ్ళ విడుదలైంది. పునీత ఫ్రాన్సిస్ జేవియర్ ఉత్సవాల సందర్భంగా 25 పైసలది. మీద గోవాలో ఆయన సమాధి మందిరం బొమ్మ. పండక్కి ముందు రోజు, జనం క్యూ గేటు దాకా. అంత రద్దీలో కొత్త బిళ్ళలంటే మాకు విసుగు. మామూలు బిళ్ళలు లెక్క పెట్టడం చేతులకి అలవాటు, కొత్త షీటు చింపాలంటే రంధ్రాల వెంట జాగ్రత్తగా పోవాలి. పైగా మన కోస్తా ఉక్కకి జిగురు చెమర్చి షీట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి. మధ్యలో పల్చటి మైనపు కాగితం పెట్టేవాళ్ళం. అయినా అంటుకునేవి. అంటించాల్సిన చోట మాత్రం అంటుకునేవి కావు. అందుకే గట్టు మీద జిగురు సీసా, దాంట్లో వెంట్రుకలూడిన కుంచె.

ఆ క్యూలో ఓ ముసలమ్మ. తెల్ల చీర, మెడలో జపమాల. నాలుగు కవర్లు తెచ్చింది, నలుగురు కొడుకులకి. ఒకడు కొత్తగూడెం బొగ్గుగనుల్లో, ఒకడు మిలట్రీలో, మిగతా ఇద్దరూ ఎక్కడో గుర్తులేదు. కొత్త బిళ్ళ చేతిలో పెడితే కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఎవరిది నాయనా ఇది?"

"జేవియర్ గారి సమాధమ్మా. గోవాలో."

ఆమె బిళ్ళని కళ్ళకద్దుకుంది. నాలుగూ అంటించాక కవర్లు నా చేతికివ్వకుండా పట్టుకునే నిలబడింది.

"దీని మీద గుద్దుతారా?"

"గుద్దకపోతే ఎట్లా అమ్మా. రూలు."

"గుద్దు గానీ, ఆయన మీద పడనీకు. మా ఇంటాయనదీ ఆ పేరే."

వెనక క్యూ సణుగుతోంది. భర్త పేరు నోటితో చెప్పని మనిషి, ఆ పేరు మీద దెబ్బ పడకూడదంటోంది. రెండేళ్ళుగా నేను చంపడమే నేర్చుకున్నాను. వెనక గదిలో పడేస్తే నలుగురిలో ఎవరో ఒకరు నడినెత్తిన దించుతారు. కవర్లు పక్కన పెట్టుకుని, క్యూ కాస్త పల్చబడ్డాక వెనక్కి వెళ్ళి ముద్ర తీసుకున్నాను.

మూల మీద కొట్టడం తేలికనుకుంటారు. తేలిక కాదు. ముద్ర గుండ్రం, బిళ్ళ నాలుగు మూలలది. వలయంలో పావు వంతు బిళ్ళ మూల మీద పడాలి, మిగతాది కవరు మీద పడాలి. బిళ్ళ మీద పడ్డ గీత స్పష్టంగా ఉండాలి. మసకగా పడిందా, దారిలో రైల్వే మెయిల్ (ఆర్.ఎం.ఎస్.) వాడు ముద్ర పడలేదనుకుని మళ్ళీ వేస్తాడు. వాడికి మా ముసలమ్మ తెలీదు. ఇంకు ఎక్కువైతే అలుక్కుపోతుంది. చిత్తు కాగితం మీద ఒకటి కొట్టి ఇంకు తగ్గించి, రెండోది కవరు మీద వేశాను. నాలుగూ బాగానే వచ్చాయి. నా మొహం వెలిగి ఉంటుంది, బాబాయి చూసి, "ఏంట్రా, బొట్టు పెడుతున్నావా?" అన్నాడు.

జనవరిలో ఆమె మళ్ళీ వచ్చింది. మూడు చక్కగా చేరాయట. మిలట్రీ కొడుకు కవరు మీద మాత్రం అడ్డంగా మరో ముద్ర పడిందట. "పోనీలే, యుద్ధానికి పోయేవాడికి దెబ్బలు తప్పవు" అని ఆమే సర్దిచెప్పింది.

ఆ బిళ్ళతో పాటు వచ్చిన సమాచార పత్రం ఇంటికి పట్టుకెళ్ళాను. ఉద్యోగమంతా నాకదే చదువు. ప్రతి స్మారక బిళ్ళకీ ఒక కరపత్రం వస్తుంది. చాలామంది గుమాస్తాలు దాన్ని వేరుశెనక్కాయలకి పొట్లం కట్టుకునేవాళ్ళు. నేను చదివి, తెలియనిది లైబ్రరీలో వెతికేవాణ్ణి. జేవియర్ 1552 డిసెంబరు 3న చైనా తీరంలోని చిన్న దీవిలో చనిపోయాడు. దేహం మలక్కా మీదుగా 1554లో గోవా చేరింది. పాత గోవా బోమ్ జీసస్ బసిలికాలో ఉన్న వెండి పేటిక గోవా కంసాలులు 1637 నాటికి పూర్తి చేసింది. దాని కిందున్న పాలరాతి కట్టడం మాత్రం ఇటలీ నుంచి వచ్చింది. టస్కనీ పాలకుడు మూడో కోజిమో కానుకగా ఇస్తే, ఫొజ్జీని అనే శిల్పి చెక్కించి పంపాడు, 1698లో నిలబెట్టారు. ఏటా డిసెంబరు 3న పండగ. పదేళ్ళకోసారి పేటికని బయటికి తెచ్చి జనం దర్శనానికి ఉంచుతారు. 1974 బిళ్ళ ఆ దర్శనాలు జరుగుతుండగానే వచ్చింది. ఆ ఏడు అవి నవంబరు 23న మొదలై జనవరి 5 దాకా సాగాయి.

అంతకు ముందు ఏడాది, 1973 జూలై 3న, క్రీస్తు శిష్యుడు పునీత తోమా వర్ధంతి పంతొమ్మిది శతాబ్దాల పేరుతో 20 పైసల బిళ్ళ వచ్చింది. మీద మద్రాసు పరంగిమలై కొండ మీది శిలువ. జూలై 3 ఆయన పండగ రోజు. దానికీ ముందు 1964 డిసెంబరు 2న 15 పైసల బిళ్ళ. ఆ రోజే ఆరో పాల్ పోపు బొంబాయిలో దిగాడు, మన దేశానికి వచ్చిన మొదటి పోపు ఆయనే. దాని మీద తోమా బొమ్మ ఇటలీలోని ఒర్తోనా గుడి విగ్రహం నుంచి తీసుకున్నది. మైలాపూరులో సమాధి పెట్టుకుని ఇటలీ విగ్రహం ఎందుకన్నాడు మా పోస్టుమ్యాన్. తోమా అస్థికలు మధ్యయుగంలోనే ఒర్తోనాకి చేరాయని అక్కడివాళ్ళ నమ్మకం. ఆ సంగతి నేను చెబితే, "అయితే మన దగ్గర మిగిలింది గుద్దించుకోడానికి బిళ్ళేనా" అన్నాడు.

ఎనభైల్లో నన్ను ఫిలాటెలీ కౌంటరుకి, అంటే బిళ్ళలు సేకరించేవాళ్ళ కౌంటరుకి, వేశారు. అది మరో లోకం. ముసలమ్మ ఒక్కతి అడిగిన మూల మీద ముద్రని ఇక్కడ అందరూ అడుగుతారు, భక్తితో కాదు, లెక్కతో. ఫస్ట్ డే కవరు మీద ముద్ర పావంగుళం పక్కకి పోతే మొహం చిట్లిస్తారు. షీటు మూల నాలుగు బిళ్ళల దిమ్మ కావాలంటారు. అంచున రంగుల చుక్కలుంటాయి చూడండి, అచ్చులో ఏ రంగు సరిగ్గా పడిందో చూసుకోవడానికి. వాటిని ట్రాఫిక్ లైట్లంటారు. ఆ చుక్కలున్న దిమ్మ కోసం ఇద్దరు లెక్చరర్లు నా కౌంటరు ముందు మాటలు మానేసుకున్నారు.

ఒకసారి నా చేతే దెబ్బ తప్పింది. ఊరు చెప్పను. విడుదల రోజున ప్రత్యేక ముద్ర పొద్దున్నే తీసి, ఫోన్ మోగితే పక్కన పెట్టి, మళ్ళీ తీసుకున్నప్పుడు తలకిందులుగా పట్టుకున్నాను. పదకొండు కవర్లు కొట్టేశాక గాని చూసుకోలేదు. వాటిలో ఆరు ఒకే పెద్దాయనవి. రిటైర్డు హెడ్మాస్టరు, రాత్రి బస్సెక్కి వచ్చాడు. ఆయన కేకలు వెయ్యలేదు. కవర్లు ఒక్కొక్కటే తిప్పి చూసి, "నువ్వు కూడా నిద్రపోలేదా బాబూ?" అన్నాడు. తిట్టినా బాగుండేది. ఆ రోజు నుంచి ముద్ర పిడి మీద, పై వైపున, మేకుతో గాటు పెట్టుకునేవాణ్ణి. గాటు బొటనవేలికి తగిలితేనే చెయ్యి లేపడం. తమాషా ఏంటంటే, కొన్నేళ్ళకి ఓ కుర్రాడు అలాంటి తలకిందుల కవర్లే ఉన్నాయా అని వెతుక్కుంటూ వచ్చాడు, తప్పులకి ధర ఎక్కువట.

డిసెంబర్లో ఆ కౌంటరు ముందు క్రిస్మస్ బిళ్ళలు సేకరించేవాళ్ళు చేరేవాళ్ళు. వాళ్ళలో సగం మంది క్రైస్తవులు కారు. కువైట్‌లో నర్సుగా ఉన్న కూతురు, అమెరికాలో ఉన్న అల్లుడు పంపిన కవర్లు కత్తిరించి, గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి, బిళ్ళ విడదీసి, పాత పంచాంగంలో ఆరబెట్టి తెచ్చేవాళ్ళు. నేను చూసి కథలు చెప్పేవాణ్ణి. వాళ్ళు కొనేది తక్కువ, వినేది ఎక్కువ.

కెనడా 1898లో వేసిన రెండు సెంట్ల బిళ్ళ మీద ఎక్స్‌మస్ అని ఉంటుంది. చూస్తే పండగ ఎక్కడా లేదు, ప్రపంచ పటం, బ్రిటిష్ సామ్రాజ్యమంతా ఎరుపు. ఆ క్రిస్మస్ నుంచి సామ్రాజ్యంలో తక్కువ ధర తపాలా మొదలైంది, అందుకు. భూతద్దం పెడితే మన దేశం కూడా ఆ ఎరుపులోనే. పండగ పేరు పెట్టి పొలం గట్టు చూపించినట్టు. అమెరికా మొదటి క్రిస్మస్ బిళ్ళ 1962లో వచ్చింది, నాలుగు సెంట్లు, ఆకుల దండ, రెండు కొవ్వొత్తులు, అంతే. 35 కోట్లు అచ్చు వేస్తే చాల్లేదు, రాత్రింబవళ్ళు యంత్రాలు తిప్పి ఏడాది చివరికి 100 కోట్లు చేశారు. ఈ అంకె చెప్పినప్పుడల్లా నా కుడిచెయ్యి దానంతటదే నొప్పెట్టేది. అన్నీ ఎవరో కొట్టాలి కదా.

నాకు బాగా ఇష్టమైనవి బ్రిటన్ 1966 బిళ్ళలు. పిల్లలకి పోటీ పెట్టి, రెండు బొమ్మలు తీసుకున్నారు. రెండూ ఆరేళ్ళ పిల్లలవే. మంచు మనిషి బొమ్మ జేమ్స్ బెర్రీ అనే బాబుది. తూర్పు నుంచి వచ్చిన రాజు బొమ్మ తస్వీర్ షెమ్జా అనే పాపది. ఆ పాప తండ్రి అన్వర్ జలాల్ షెమ్జా, సిమ్లాలో పుట్టి, లాహోర్లో పేరు తెచ్చుకుని, ఇంగ్లండు వెళ్ళి స్థిరపడిన చిత్రకారుడు. తూర్పు జ్ఞానిని గీయడానికి తూర్పు దేశపువాడి కూతురే దొరికింది. ఆ రాజు కళ్ళు ఎంతెంత ఉంటాయో! మా మనవరాలు గీసినట్టే ఉంటాయి. దాని మీద నల్లటి ముద్ర పడిన కవరు ఒకటి చూశాను, సరిగ్గా కంటి మీద. ఏ ఊరి గుమాస్తా కొట్టాడో!

మన దగ్గర ఏది? ఈ ప్రశ్న ప్రతి డిసెంబర్లో ఎవరో ఒకరు అడిగేవాళ్ళు. పునీతుల బిళ్ళలున్నాయి, గుళ్ళ బిళ్ళలున్నాయి, పండగ బిళ్ళ ఏది? పై నుంచి ఏది వస్తే అది అమ్మడమే మా పని, సమాధానం నా దగ్గర ఉండేది కాదు. 2008 డిసెంబరు 8న క్రిస్మస్ పేరుతోనే బిళ్ళలొచ్చాయి. షీట్లు విప్పుతుంటే పండక్కి బట్టలొచ్చినట్టే అనిపించింది. గట్టు మీద ఎదురుగా కనబడేలా పెట్టాను.

సేకరించేవాళ్ళు వచ్చారు, కొన్నారు, ఆల్బమ్‌లో పెట్టుకున్నారు. ఉత్తరానికి అంటించడానికి ఎవరూ రాలేదు. అప్పటికి అందరి చేతుల్లో ఫోన్లు. హ్యాపీ క్రిస్మస్ అని ఓ మెసేజు వంద మందికి ఒకేసారి పోతోంది. మోకాలెత్తు కార్డులున్న రోజుల్లో పండగ బిళ్ళ లేదు. బిళ్ళ వచ్చిన రోజుకి వెనక గదిలో ముద్రల బల్ల మీద ఎవరిదో టిఫిను డబ్బా ఉంది. పద్దెనిమిదో తారీకు దాటాక ఓ స్కూలు సిస్టరు వచ్చి, పిల్లల చేత కార్డులు రాయించానని ముప్ఫై బిళ్ళలు తీసుకుంది. నేనే కూర్చుని మూలల మీద కొట్టాను. తొందర లేదు, వెనక క్యూ లేదు.

2011లో రిటైరయ్యాను. ఇప్పుడు మా ఇంటికి అప్పుడప్పుడూ వచ్చే కవర్ల మీద బిళ్ళకి ముద్ర ఉండదు. డెలివరీకి ముందు ఎవరో బాల్‌పెన్నుతో అడ్డంగా ఓ గీత గీస్తారు. ఫలానా ఆఫీసు అని పేరు పెట్టి నిందించను గానీ, ఆ గీత చూస్తే మాత్రం ఒళ్ళు మండుతుంది. చంపదలుచుకుంటే మర్యాదగా చంపొచ్చు కదా.

2024 డిసెంబర్లో మా ఆవిడా నేనూ గోవా వెళ్ళాం. యాభై ఏళ్ళ కిందట నేను దెబ్బ తగలకుండా కాపాడిన ఆ మందిరం ఒకసారి కళ్ళారా చూడాలనిపించింది. నవంబరు 21 నుంచి మళ్ళీ దర్శనాలు నడుస్తున్నాయి. పాత గోవాలో దిగి బోమ్ జీసస్‌లోకి వెళ్ళాం. పాలరాతి కట్టడం ఉంది, బిళ్ళ మీదున్నట్టే. పైన పేటిక లేదు. దర్శనాలప్పుడు దాన్ని ఎదురుగా ఉన్న సే కెథెడ్రల్‌కి తీసుకెళ్తారని అక్కడ ఎవరో చెప్పారు. జనమంతా అటే ఉన్నారు, తలల మీద టోపీలూ కొంగులూ, చాంతాడంత వరస. మా ఆవిడ మోకాళ్ళు ఒప్పుకోవంది. సరే అని ఖాళీ మందిరం ముందే కాసేపు కూర్చున్నాం. ఆ ముసలమ్మకి బిళ్ళ ఇచ్చిన రోజు కూడా పేటిక ఇక్కడ లేదన్నమాట. సెలవు రోజుల్లో ఖాళీ ఇంటికి నేను కాపలా కాశాను.

తిరిగొచ్చే ముందు ఓ పోస్టాఫీసుకి వెళ్ళి కార్డు రాశాను, మా పాత పోస్టుమ్యాన్‌కి. ఎనభై దాటాయి, కొడుకు దగ్గర ఫిరంగిపురంలోనే ఉన్నాడు. కౌంటర్లో ఉన్న అమ్మాయికి నా వచ్చీరాని హిందీలో, బొమ్మ మీద కాకుండా మూల మీద వెయ్యమ్మా అని చెప్పాను. ఆమె నా మొహం చూసింది, కార్డు చూసింది. ముద్ర తీసి ప్యాడు మీద అద్దింది. పక్కనున్న చిత్తు కాగితం మీద ఒకటి కొట్టింది. ఆ తర్వాత నా కార్డు దగ్గరకి లాక్కుంది.